అరువు పెదవులు

చాలా రోజుల తరువాత టపా వ్రాస్తున్నాను. కంటి శుక్లాల శస్త్రచికిత్స జరిగి నెల దాటింది. అక్షరాలు మళ్ళీ స్పష్టంగా కనిపిస్తున్నాయి కనుక చూపుకు సంబంధించిన విషయంతోనే మొదలుపెడదామనిపించింది. అయితే ఇది మనుషుల చూపు కాదు, యంత్రాల చూపు.

పండుగకు వచ్చిన మా మనవడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను ఎదురుగా పెట్టి, "ఏదైనా చెప్పు తాతయ్యా" అన్నాడు. వర్ణోత్పత్తి స్థానాల గురించి చెప్పాను. 33 ఏళ్ళు బడిలో చెప్పిన పాఠం కదా, నాకు వేరే ఏమి తోస్తుంది! మరునాడు కాఫీ వేళకు అదే దృశ్యాన్ని తెచ్చి చూపించాడు. అందులో నేను గడగడా ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. గొంతు ఎవరిదో. పెదవులు మాత్రం ఆ ఇంగ్లీషుకు తగినట్టే కదులుతున్నాయి. ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను. రెండవసారి చూసినప్పుడు ఒక సంగతి కంటబడింది. పై వరుసలో ఎడమ పక్కన నాకు ఒక పన్ను లేదు. ఊడి ఆరేళ్ళయింది. ఆ దృశ్యంలో ఆ ఖాళీ లేదు. దాని చోట తెల్లని పలువరుస, కొంచెం మసకగా, అతికించినట్టు ఉంది. అదేమిటని అడిగితే, యంత్రం నా ముఖంలో ముక్కు కింది సగాన్ని చెరిపివేసి, ఎన్నో ముఖాలను చూసి నేర్చుకున్న విద్యతో మళ్ళీ గీసిందని చెప్పాడు.

ఇది పిల్లల వేడుకగానే ఉండిపోతే టపా వ్రాయవలసిన పని లేదు. చిత్రీకరణ ముగిసిన తరువాత జరిగే పనులలో ఇది ఇప్పుడు ఒక వృత్తిగా స్థిరపడుతున్నది. కంప్యూటర్ విజన్ అని వ్యవహరిస్తున్న ఈ విద్య సినిమా వారికి కొత్తది కాదు. కెమెరా ఎటు కదిలిందో బొమ్మలను బట్టి లెక్కకట్టడానికి, తీగలను, స్తంభాలను తెరపైనుండి తొలగించడానికి చాలాకాలంగా ఉపయోగిస్తున్నారు. వాటి గురించి నాకు చెప్పవలసినది ఏమీ లేదు. పెదవుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది నా శాస్త్రంలోకి అడుగుపెట్టింది. ఓష్ఠ్యాల సంగతి మాట్లాడే అధికారం తెలుగు పండితుడికి కొంచెమైనా ఉంటుందనుకుంటాను.

1985 వేసవిలో, పండిత శిక్షణలో ఉన్న రోజులలో, మద్రాసులో మా మేనమామ గారి స్నేహితుడింట పది రోజులు ఉన్నాను. ఆయన ఒక డబ్బింగు రచయిత దగ్గర సహాయకుడు. ఆయన వెంట నేనూ ఆ చీకటి గదిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. చిత్రాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్క రెండు కొసలూ కలిపి చుట్టగా అతికించి, తెర మీద మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. దానిని లూపు అనేవారు. ఒకే ముఖం, ఒకే మాట, పదే పదే. రచయిత గారు మొదట మాటలు వినేవారు కాదు. శబ్దం ఆపించి పెదవులను చూసేవారు. పెదవులు మూసుకున్న చోటల్లా కాగితం మీద ఒక సున్న చుట్టేవారు. ఆ సున్నల దగ్గర ప, ఫ, బ, భ, మలలో ఒకటి పడాలి. మిగిలిన చోట్ల పడకూడదు. ఛందస్సు చదువుకున్న నాకు ఆ కాగితం గణవిభజనలాగానే కనిపించింది.

ఒక తమిళ చిత్రం. నాయిక ముఖం తెర నిండా ఉంది. ఆమె "పార్త్తేన్" అంటున్నది. "చూశాను అంటే సరిపోతుంది కదండీ" అన్నాను ఉత్సాహంగా. రచయిత గారు నవ్వి, "చూశాను అంటే పెదవి మూసుకోదయ్యా అబ్బాయీ, సున్నిపోతాయి కదా, అంతా పెదవి మూసి చూస్తున్నారు" అన్నారు. అరగంట గడిచింది. చివరకు ఆమె చేత "పట్టేశా" అనిపించారు. తమిళంలో ఊరికే చూసిన పిల్ల, తెలుగులో దొంగను పట్టుకున్న పోలీసులా మాట్లాడింది. పెదవి మాత్రం కలిసింది.

ఆ గది నుండి రెండు విషయాలు నేర్చుకున్నాను. ఆ పని సామాన్యమైనది కాదు. అది మొదటిది. పద్యానికి యతి ఉన్నట్టే దానికి పెదవి. 1950లో వచ్చిన "ఆహుతి" హిందీ నుండి తెలుగులోకి వచ్చిన తొలి డబ్బింగు చిత్రం. దానికి శ్రీశ్రీ పనిచేశారు. ఆ తరువాత అనిసెట్టి, రాజశ్రీ, వెన్నెలకంటి వంటి వారు ఈ పని చేశారు. ఛందస్సు తెలిసినవారు ఇందులో రాణించడం ఆశ్చర్యం కాదు. ఇక రెండవ విషయం: ఆ నియమం తెలుగుకు అపకారం కూడా చేసింది. ఇది డబ్బింగు కళను మెచ్చుకొనేవారు తరచు దాటవేసే సంగతి.

ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లీషులో "ఐ లవ్ యూ" మూడు అక్షరాల మాట. పెదవులు రెండూ ఒక్కసారి కూడా కలవవు. కింది పెదవి పై పళ్ళను తాకుతుంది, అంతే. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" తొమ్మిది అక్షరాలు, అందులో పెదవులు రెండుసార్లు మూసుకోవాలి. ఏ మహాకవి వచ్చినా ఈ రెంటినీ కలపలేడు. అందుకే దానిని అలాగే ఉంచేశారు. మన పిల్లలు ప్రేమను ఇంగ్లీషులో ప్రకటించడానికి కారణం ఇదొక్కటే అనను కానీ, ఇందులో డబ్బింగు పెదవులకు కొంత వాటా ఉందేమో!

ఇంకొకటి. ప్రాచ్య ఇటాలియన్ అని మనం మురిసిపోయే మన అజంతత్వమే ఇక్కడ అడ్డు. ఇంగ్లీషు వాక్యం "కమ్" అనో, "స్టాప్" అనో, "హోమ్" అనో పెదవులు మూసి ముగుస్తుంది. తెలుగు మాట నోరు తెరిచి ముగుస్తుంది. పెదవి మూసి ముగించడానికి మనకు మిగిలినది పదాంతంలోని సున్న ఒక్కటే. పరభాషా చిత్రాలలో పాత్రలు "నిజం", "తథ్యం", "ఖాయం", "వెళ్దాం" అని అంత ధారాళంగా పలకడం వెనుక ఈ అవసరం ఉందని నా అనుమానం. తథ్యం అని మా వీధిలో ఎవరైనా అనగా నేను వినలేదు.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టినది "అండీ" లేకపోవడం. అసలు భాషలోని నటుడు "యెస్" అని పెదవి కదలిక ముగించాడు. "అవునండి" అనడానికి చోటు లేదు. కనుక కోడలు మామగారితో "అవును" అంటుంది. గుమాస్తా దొరగారితో "సరే" అంటాడు. మర్యాదను పెదవులు మింగేశాయి. ఈ ఒక్క కారణం చేత డబ్బింగు చిత్రాలలో మనుషులందరూ నాకు ఒకే వయసు వారుగా, ఎవరికీ ఎవరూ ఏమీ కానివారుగా కనిపించేవారు.

పెదవులతో నియమం పెట్టుకొని ఆడుకోవడం మన సాహిత్యానికి తెలియనిది కాదు. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు తన కథను ఓష్ఠ్యాలు లేకుండా చెబుతాడు. ప్రియురాలి దంతక్షతాల వలన పెదవులు నొస్తున్నాయని అందుకు కారణం. (బడిలో ఈ కారణాన్ని ఎప్పుడూ చెప్పలేదు, పెదవికి గాయమైందని మాత్రమే చెప్పేవాణ్ణి.) మరింగంటి సింగరాచార్యుడు దశరథరాజనందన చరిత్ర అని ఒక కావ్యమే నిరోష్ఠ్యంగా వ్రాశాడు. ఆ పేరును మెల్లగా పలికి చూడండి, పెదవులు ఒక్కచోట కూడా కలవవు. కానీ ఆ కవులు నియమాన్ని తామే ఎంచుకున్నారు. డబ్బింగు రచయిత మీద దానిని ఎవరో పరదేశపు నటుడు, తనకు తెలియకుండానే, విధించాడు.

డబ్బున్నవారు దీనికి వేరే దారి వెదికారు. 1957లో మాయాబజార్‌ను తెలుగులోనూ తమిళంలోనూ విడివిడిగా తీశారు. అభిమన్యుడు తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. సావిత్రి రెండు భాషలలోనూ నటించింది. 2015 నాటి బాహుబలినీ తెలుగు, తమిళాలలో చిత్రీకరించారు. రెండు భాషలకు రెండుసార్లు తీయవచ్చు. ఇరవై భాషలకు తీయగలమా?

ఇక్కడికి యంత్రం వచ్చింది. 1997లోనే అమెరికాలో వీడియో రీరైట్ అనే పద్ధతిని చూపించారు. ఒక వ్యక్తి మాట్లాడిన పాత చిత్రాలలో ఏ ధ్వనికి నోరు ఎలా ఉన్నదో యంత్రం గుర్తుపెట్టుకుని, ఆ నోటి ముక్కలను ఏరి, కొత్త మాటకు తగినట్టు కూర్చేది. కెనెడీ నోటితో కూడా చేసి చూపారు. ఒక విధంగా అది మనిషి నోటికి అక్షరమాల పుస్తకం తయారుచేయడమే. ఆ తరువాత ఏళ్ళు గడిచేకొద్దీ ఏరి కూర్చడం పోయి, గీయడం వచ్చింది.

ఇందులో మన హైదరాబాదు భాగం ఉండడం నాకు సంతోషాన్నిచ్చింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2020లో వావ్2లిప్ అనే పద్ధతిని ప్రకటించారు. ఏ ముఖానికైనా ఏ మాటకైనా పెదవులు కలిపే విద్య అది. మనవడు నాకు చెప్పిన దానిలో నా బుద్ధికి అందినది ఇది: అందులో ఇద్దరుంటారు, ఒక విద్యార్థి, ఒక పరీక్షకుడు. విద్యార్థి పెదవులు గీస్తాడు. అవి ధ్వనితో కలిశాయో లేదో పరీక్షకుడు చెబుతాడు. అతడు ఒక్క బొమ్మను చూసి తీర్పు చెప్పడు, వరుసగా అయిదు బొమ్మలు, అంటే సెకనులో అయిదవ వంతు చూసి చెబుతాడు. అంతకు ముందు పద్ధతులలో పరీక్షకుడు కూడా విద్యార్థితో పాటే నేర్చుకుంటూ ఉండేవాడు. విద్యార్థి చేసే తప్పులకు అలవాటుపడి, కలిశాయా లేదా అన్నది వదిలి, బొమ్మ నున్నగా ఉందా లేదా అన్నది చూసేవాడు. హైదరాబాదు వారు పరీక్షకుణ్ణి ముందుగానే నిజమైన ముఖాల మీద తయారుచేసి, ఆపైన విద్యార్థి వ్రాతలు చూసి అతడు మారకుండా బిగించారు. ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. మూల్యాంకన కేంద్రాలలో కూర్చున్న ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసిన సత్యమే! నలభై తప్పుల పత్రాలు దిద్దిన తరువాత నలభై ఒకటవ పత్రంలోని తప్పు తప్పులా కనిపించదు.

అయితే ఆ విద్యార్థికి పాఠ్యపుస్తకంగా పెట్టినవి బీబీసీ ప్రసారాలలో ఇంగ్లీషు మాట్లాడే ముఖాలు. ధ్వనిని చూసి పెదవి గీస్తుంది కనుక ఏ భాషకైనా పనిచేస్తుందన్నారు. చాలావరకు చేస్తుంది కూడా. "అమ్మ" అన్నప్పుడు తెలుగు పెదవి ఎంతసేపు మూసుకుని ఉంటుందో, ద్విత్వానికి ఎంత నిలుస్తుందో దానికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. పైగా ముఖాన్ని అది 96 చుక్కల పొడవు, 96 చుక్కల వెడల్పు గల చదరంగానే చూస్తుంది. ఫోనుకు అది చాలు. వెండితెర నిండిన ముఖానికి చాలదు. సినిమా వారు నటుడి ముఖానికి త్రిపరిమాణ నమూనా కట్టి, దానిని కదిలించి, వెలుగునీడలతో సహా తిరిగి గీసే పద్ధతులను వాడుతున్నారు.

వారిలో స్కాట్ మాన్ అనే దర్శకుడి కథ నా మద్రాసు అనుభవానికి చాలా దగ్గరగా ఉంది. 2015లో డి నీరోతో ఆయన తీసిన "హైస్ట్" చిత్రం పరభాషల్లోకి వెళ్ళినప్పుడు, పెదవుల కోసం మాటలు మార్చి, తాను జాగ్రత్తగా తీసిన సన్నివేశాల అర్థాన్నే చెడగొట్టారని ఆయన బాధపడ్డారు. ఆ బాధలోనుండి ఫ్లాలెస్ అనే సంస్థ పుట్టింది. మాటను పెదవికి సరిపెట్టడం మాని పెదవినే మాటకు సరిపెడతారు. 2022లో స్వీడన్‌లో వచ్చిన ఒక చిత్రాన్ని 2025 మేలో "వాచ్ ది స్కైస్" పేరుతో అమెరికా థియేటర్లలో ఇలాగే విడుదల చేశారు. నటులే తమ మాటలను ఇంగ్లీషులో మళ్ళీ పలికితే, పెదవులు యంత్రం కలిపింది.

ఇప్పుడు నా అభిప్రాయం. నాతోటి పండితులు కొందరికి నచ్చకపోవచ్చు. అనువాదం కోసం పెదవులు మార్చడాన్ని నేను సమర్థిస్తున్నాను. "పట్టేశా" అన్న ఆ పిల్ల "చూశాను" అనగలిగితే, కోడలు "అవునండి" అనగలిగితే, ఆ మేరకు తెలుగు బ్రతుకుతుంది. అరువు పెదవుల కింద 75 ఏళ్ళు నలిగిన భాషకు ఊపిరి పీల్చుకునే చోటు దొరికింది.

నా భయం వేరే చోట ఉంది. పెదవులు కలపడం కష్టం కనుకనే ఇంతకాలం ఒక రచయితను పిలవవలసి వచ్చింది. అతడికి ఇచ్చినది తక్కువే కావచ్చు, పేరు వేయకపోనూ వచ్చు, కానీ గదిలో ఒక తెలుగువాడు కూర్చుని ఆలోచించేవాడు. పెదవి దేనికైనా కలుస్తుందన్న తరువాత అతడెందుకు? యంత్రమే అనువదిస్తుంది, యంత్రమే పలుకుతుంది, యంత్రమే పెదవి కలుపుతుంది. అప్పుడు చనిపోయినవాణ్ణి గురించి పాత్ర "బకెట్టు తన్నాడు" అంటుంది. ఇంతకు ముందైతే అటువంటి మాట పెదవి కలవక తేలిపోయేది, చూసేవాడు నవ్వి వదిలేసేవాడు. ఇప్పుడు ఆ తప్పు చక్కని పెదవులతో, చక్కని పలువరుసతో, నమ్మకంగా మన పిల్లల చెవిన పడుతుంది. ఇంగ్లీషు "అంకుల్"ను బాబాయి అనాలో, మామయ్య అనాలో, పెదనాన్న అనాలో తేల్చాలంటే కథ మొత్తం చదివి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒకరు కూర్చుని ఆలోచించాలి. పెదవుల మీద మిగిలిన ఖర్చును ఆ ఆలోచన మీద పెట్టే నిర్మాత కావాలి. యంత్రం కొనడానికి ముందుకు వచ్చేవారిలో ఎందరు ఆ డబ్బును తిరిగి రచయితకు ఇస్తారు?

ఈ విషయం చర్చించినప్పుడు ఒక మిత్రుడు నన్ను గట్టిగా ఖండించాడు. పెదవి కలవకపోవడమే మంచిదన్నాడు. అది అనువాదమని చూసేవాడికి ప్రతి క్షణం తెలుస్తుంది, ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు, కలిపిన పెదవి అబద్ధపు సాక్ష్యం అని అతని వాదన. రెండు రోజులు ఆలోచించాను. అతని మాటలో బలముంది. నటుడు అనని మాటను అన్నట్టు చూపించడమే కదా ఇది! కానీ పుస్తకంలో అనువాదం పుటపుటకూ తడబడుతూ తాను అనువాదమని గుర్తుచేయనక్కరలేదు. ముఖపత్రం మీద మూల రచయిత పేరు, కింద తెనుగు సేత అని అనువాదకుడి పేరు వేస్తే చాలు. సినిమాకూ అదే చేయాలంటాను. మొదట్లోనే, చదవడానికి వీలైనంత సేపు, ఈ చిత్రంలో పెదవులు మార్చబడ్డాయని, తెలుగు మాటలు ఫలానా వారివని వేయాలి. చివరలో పరుగెత్తే పేర్ల గుంపులో కాదు.

నటుడి అంగీకారం మాట చెప్పనక్కరలేదనుకుంటాను. 2023లో అమెరికా నటులు 118 రోజులు సమ్మె చేసినప్పుడు, యంత్రంతో తమ ప్రతిరూపాలు సృష్టించడానికి తమ అనుమతి కావాలన్నది ముఖ్యమైన కోరికలలో ఒకటి. మన దేశంలో 2025 ఆగస్టులో రాంఝణా తమిళ రూపమైన అంబికాపతిని, యంత్రసహాయంతో ముగింపు మార్చి తిరిగి విడుదల చేశారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ ఇద్దరూ బహిరంగంగా వ్యతిరేకించారు. అది అనువాదం కాదు, ప్రక్షిప్తం. తాళపత్రాలలో ప్రక్షిప్తాలను ఏరడానికి మన పరిష్కర్తలు జీవితాలు ధారపోశారు; ఇప్పుడు కవి బ్రతికి ఉండగానే, వద్దంటుండగానే చేరుస్తున్నారు. స్కాట్ మాన్ కూడా 2022 నాటి "ఫాల్" చిత్రంలో ముప్పైకి పైగా బూతుమాటలను ఈ పద్ధతితోనే మార్చి, పిల్లలు కూడా చూడదగిన ధ్రువపత్రం తెచ్చుకున్నారు. తన చిత్రాన్ని తానే మార్చుకున్నారు కనుక నాకు పేచీ లేదు. కానీ ఆ తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో అక్కడ తెలుస్తుంది. ఈ రోజు బూతు మాట, రేపు ఏదో ఒక ప్రభుత్వానికి గిట్టని మాట. పాత రోజులలో కత్తిరించిన చోట తెర అదిరేది, మాట మింగిన చోట నిశ్శబ్దం వినిపించేది. కోత పడిందని మనకు తెలిసేది.

మనవడు తిరిగి వెళ్ళే ముందు రోజు ఇంకొక ప్రయోగం చేయమని అడిగాను. ఓష్ఠ్య హల్లు ఒక్కటీ లేని వాక్యం అప్పటికప్పుడు కూర్చి ఇచ్చాను: "ఆ నది ఒడ్డున నిలిచిన చెట్టు నీడ చల్లగా ఉంది." ఒకప్పుడు పిల్లల పెదవుల మధ్య చీపురుపుల్ల నిలబెట్టి ఇటువంటి వాక్యాలు చదివించేవాణ్ణి. పుల్ల పడితే ఓడినట్టు. ఆ వాక్యాన్ని నేను పలికి, ఆ ధ్వనిని నా పాత దృశ్యానికి జోడించాము. యంత్రం నా పెదవులు గీసింది. నెమ్మదిగా తిప్పి చూశాము. చెట్టు దాకా ఎక్కడా తప్పలేదు. "చల్లగా" దగ్గర మాత్రం పెదవులు ఒక్క క్షణం కలిశాయి.

"పుల్ల పడిపోయింది తాతయ్యా" అన్నాడు వాడు. పన్ను మాత్రం ఈసారి కూడా అతికించే ఉంది.